మొనలు ఆవిడవి, వంపులు నావి

సభకు అధ్యక్షత వహిస్తున్న మా కార్ఖానా యజమాని గారికి, ముఖ్య అతిథిగా విచ్చేసిన గ్రంథాలయం పెద్దాయన గారికి, ముందు వరసలో కూర్చున్న మెకానిక్ మాస్టారికి, ఆయన పక్కనే మా ఇస్త్రీ బాబాయికి, మిషన్లకి ముసుగులు వేసి మరీ వచ్చిన బొంతల విభాగం అక్కచెల్లెళ్ళకి, ముసుగులు వెయ్యకుండానే పరిగెత్తుకొచ్చిన మిగతావాళ్ళకి, చివరి వరసలో తలుపు దగ్గర, పారిపోవడానికి వీలుగా కూర్చున్న మా ఆయనకీ మా బావగారికీ, వేదిక మీద పూలగుత్తి ఒళ్ళో పెట్టుకుని, దానికి కట్టిన రిబ్బను అంచు ఎవరు కుట్టారా అని తిప్పి తిప్పి చూస్తున్న మా అక్కయ్యకీ నా నమస్కారాలు.

(నవ్వులు)

చాల్లే అక్కయ్యా, కింద పెట్టు. కొట్లో కొన్నది. మనవాళ్ళెవరూ కుట్టలేదు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం చెబుతున్నాను, అక్కయ్య అంటే నా తోడబుట్టింది కాదు, తోడికోడలు. ఆవిడ పెద్దకోడలు, నేను చిన్నకోడలు. ఒకే ఇల్లు, ఒకే వంటిల్లు, ఇక్కడికొస్తే పక్కపక్క మిషన్లు. అందుకే యజమాని గారు నన్ను పిలిచి "వీడ్కోలు ప్రసంగం మీరే చెయ్యాలమ్మా" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇక్కడ కళ్ళు తుడుచుకుని వీడ్కోలు చెప్పి, ఆ వెంటనే అదే మనిషి పక్కన బస్సులో కూర్చుని, పొద్దుటికి పాలున్నాయా లేవా అని మాట్లాడుకుంటూ ఇంటికి పోయేదానికి వీడ్కోలేమిటండీ? ఆ మాటే ఆయనతో అన్నాను. "అదంతా నాకు తెలీదమ్మా. ఇంకెవరు మాట్లాడినా ఆవిడ మధ్యలో లేచి సరిదిద్దుతుంది. మీరైతే అలవాటు పడిపోయి ఉన్నారు" అన్నారు.

మా ఆయన మాత్రం కాగితం మీద రాసుకుని వెళ్ళమన్నారు. ఎందుకండీ అంటే, కాగితం అయిపోతే నువ్వూ ఆపుతావని అన్నారు. అందుకని రాసుకోలేదు.

నేను కాపురానికి వచ్చేసరికే ఆవిడ ఇక్కడ పనిచేస్తోంది. నన్ను ఇక్కడ చేర్పించిందీ ఆవిడే. చిన్నదాన్ని పైకి తీసుకురావాలని ఎంత తపనో అనుకునేరు. అప్పట్లో ఇంట్లో తోచక నేను వంటింట్లో డబ్బాలన్నీ చోట్లు మార్చేసేదాన్ని. ఒకరోజు ఆవిడ అలిసిపోయి పని నుంచి వచ్చి, అలవాటు ప్రకారం చెయ్యి చాపి, పంచదార అనుకుని ఉప్పు వేసుకున్న టీ ఒక్క గుక్క తాగింది. మర్నాడు పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని ఇక్కడికి లాక్కొచ్చి, "ఈ అమ్మాయికి ఏదో ఒక పనివ్వండి, నా వంటిల్లు బతుకుతుంది" అంది. అవునా కాదా సార్? తల ఊపుతున్నారు, చూడండి.

కొత్తగా చేరినవాళ్ళకి ముందు చదరాలు అతకడం ఇస్తారు. నేను వింటేనా? నక్షత్రం గడి కావాలన్నాను, అంటే బొంతలో నక్షత్రం ఉండే చదరం. ఎనిమిది ముక్కలు, ఎనిమిది మొనలు, అన్నీ వచ్చి మధ్యలో ఒక్క చుక్క దగ్గర కలవాలి. ప్రతి కుట్టు వెనకా పావు అంగుళం గుడ్డ మిగులుతుంది కదా, ఆ మడతలన్నీ ఆ ఒక్క చుక్క దగ్గరికే వచ్చి ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయని నాకు తెలీదు. మిషను ఆ గుట్ట ఎక్కలేక మూలిగింది. సూది విరిగింది. కొత్త సూది వేసి ఇంకాస్త గట్టిగా తొక్కాను. అదీ విరిగింది. మెకానిక్ మాస్టారు పరుగున వచ్చి, నా గడిని చేతిలోకి తీసుకుని, మధ్యలో బొటనవేలితో నొక్కి చూసి, చాలా మర్యాదగా, "అమ్మా, లోపల బొత్తామేమైనా పెట్టి కుట్టారా?" అని అడిగారు.

(నవ్వులు)

అక్కయ్య నవ్వలేదు. నా గడిని వెనక్కి తిప్పి, మధ్యలో రెండు మూడు కుట్లు విప్పి, ఆ మడతలన్నిటినీ ఒకే వైపుకి, గాలిపంకా రెక్కల్లా ఒకదాని వెనక ఒకటి పడుకోబెట్టి గోరుతో రుద్దింది. గుట్ట మాయమైపోయింది. "చూశావా?" అంది. చూశాను గానీ నాకు రాలేదు. తర్వాత ఎన్ని నక్షత్రాలు కుట్టానో, ఒక్కదానికీ మొనలన్నీ ఒకచోటికి రాలేదు. ఒకటి వచ్చి కూర్చునేలోపు ఇంకోటి పక్కింటికి పోయేది. చివరికి ఆవిడ విసిగిపోయి, "తిన్నగా పోవడం నీ వల్ల కాదే అమ్మాయ్, వంపులు కుట్టుకో" అని ఒక బుట్టెడు వంపు ముక్కలు తెచ్చి నా ముందు కుమ్మరించింది.

వంపు అతకడం చాలామందికి భయం. ఒక ముక్క లోపలికి వంగి ఉంటుంది, ఇంకోటి బయటికి ఉబ్బి ఉంటుంది, బల్ల మీద పెడితే రెండూ అలిగి చెరోవైపు తిరిగినట్టుంటాయి. రెండిటినీ సగానికి మడిచి గుర్తు పెట్టుకుని, గుర్తు మీద గుర్తు ఉంచి గుండుసూది గుచ్చి, చివరలు కలిపి, ఇక లాగకుండా, తొయ్యకుండా, గుడ్డ ఎటు తిరుగుతానంటే అటు తిరగనివ్వాలి. లాగితే సాగుతుంది, తోస్తే ముడత పడుతుంది. నాకు అది మొదటి రోజే వచ్చేసింది. ఎందుకొచ్చిందో నాకూ తెలీదు.

అప్పటి నుంచి ఈ విభాగంలో మొనలు ఆవిడవి, వంపులు నావి. ఆవిడకి మొనలమ్మ అని పేరొచ్చింది. న్యాయంగా అయితే నన్ను వంపులమ్మ అనాలి. వంకరమ్మ అన్నారు. ఎవరు మొదలెట్టారో నాకు తెలుసు. ఆయన నూనె డబ్బా పట్టుకుని తిరుగుతుంటారు కాబట్టి ఎవరికీ చిక్కరు.

ఇక అసలు కథకొస్తాను. అదుగో, అక్కయ్య కళ్ళతోనే వద్దంటోంది. చెబుతాను. ఇది చెప్పకపోతే నేనిక్కడికి వచ్చి లాభమేముంది?

మా దగ్గర దిక్సూచి గడి అని ఒకటుంది. సన్నటి పొడుగాటి మొనలు పదహారు, మధ్య నుంచి నాలుగు దిక్కులకీ పరుచుకుని గుండ్రంగా తయారవుతాయి. అది ఆవిడ పని. ఆ గుండ్రాన్ని తీసుకెళ్ళి, మధ్యలో గుండ్రంగా రంధ్రం కత్తిరించిన చదరపు గుడ్డలో అతకాలి. అది నా పని. ప్రతి మొనా వెళ్ళి నా వంపుని సరిగ్గా తాకాలి. నేను కాస్త లోపలికి కుట్టానా, మొన తెగిపోయి మొండి అవుతుంది. కాస్త బయటికి కుట్టానా, మొన ఎక్కడా ఆనకుండా గాల్లో తేలుతుంది. అంటే ఆవిడ ఎంత బాగా కుట్టినా చివరి మాట నాది. ఇది ఆవిడకి మొదటి నుంచీ మింగుడు పడలేదు.

ఆవిడ మొనల సంగతేమిటంటే, వాటిని ఇంకొకరు ముట్టుకోకూడదు. మీద దూదిపోగు పడితే తీద్దామని చెయ్యి చాపినా, "ఆగండాగండి, నేను తీసుకుంటాను" అనేది. అలాంటి మనిషి ఒకరోజు భోజనాల వేళ, నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి, విభాగమంతా చూస్తుండగా నా గడి ముందేసుకుని నా కుట్టు విప్పుతోంది. నా వంపు! "ఏం చేస్తున్నావక్కయ్యా?" అన్నాను. "మొన తెగింది, సరిచేస్తున్నా" అంది. "మీ మొన మీద దూదిపోగు తీయడానికి మాకు హక్కు లేదు గానీ, నా వంపు విప్పడానికి మీకు హక్కుందా?" అన్నాను.

గమనించారా? 'నువ్వు' కాస్తా 'మీరు' అయిపోయింది. మా ఇంట్లో అంతే, కోపమొస్తే గౌరవం పెరిగిపోతుంది. ఆవిడ కూడా తక్కువ తినలేదు. "తమరి గడి తమరే ఉంచుకోండి" అంది. అంతే. ఆ వానాకాలమంతా మా ఇద్దరికీ మాటల్లేవు.

కోపంగా ఉండటానికి కొంచెం దూరం కావాలండీ. మాకు ఆ సౌకర్యం లేదు. పొద్దున్న ఒకే పొయ్యి, తర్వాత ఒకే బస్సు, తర్వాత పక్కపక్క మిషన్లు, మళ్ళీ ఒకే బస్సు, మళ్ళీ అదే పొయ్యి. ఇంట్లో కబుర్లు మొయ్యడానికి మా బావగారూ మా ఆయనా ఉండేవారు. "ఏమండీ, కూరలో ఉప్పు సరిపోయిందేమో వారిని కనుక్కోండి" అని నేను మా ఆయనతో అనేదాన్ని. మా ఆయన అన్నగారికి చెప్పేవారు, అన్నగారు వాళ్ళావిడకి చెప్పేవారు, ఆవిడ నాకు రెండు మూరల దూరంలో నిలబడి "సరిపోయిందని చెప్పండి" అనేది. ఆ జవాబు మళ్ళీ అదే దారిలో తిరిగొచ్చేసరికి కూర చల్లారిపోయేది. మా బావగారు సహజంగా మితభాషి. ఆయన జీవితం మొత్తం మీద మాట్లాడిన మాటల్లో సగం ఆ వానాకాలంలోనే అయిపోయుంటాయి.

(నవ్వులు. వెనక వరస నుంచి: "సగం కాదమ్మా, ఇంకా ఎక్కువే.")

చూశారా, ఇంకా మిగిలే ఉన్నాయి.

ఇక్కడ కార్ఖానాలో కబుర్లు మోసింది మన ఇస్త్రీ బాబాయి. ఆవిడ కుట్టిన గుండ్రాలు బాబాయి బల్ల మీదికి వెళ్ళేవి, అక్కడ ఇస్త్రీ అయి నా దగ్గరికి వచ్చేవి, నేను వంపులో అతికాక మళ్ళీ బాబాయి దగ్గరికే వెళ్ళేవి. ఆవిడ అక్కడ నిలబడి చూసి, చెప్పాల్సింది బాబాయికి చెబితే, ఆయనొచ్చి నాకు చెప్పేవారు. అంతా బాగానే ఉంది. ఒక్కటే చిక్కు, బాబాయికి కుడిచెవి వినబడదు. ఎడమచెవి వైపు ఆవిరి ఇస్త్రీ బుసబుసలాడుతూ ఉంటుంది. బాబాయీ, వినబడుతోందా? నవ్వుతున్నారు. అంటే వినబడలేదు.

సరిగ్గా అప్పుడే ఈ గ్రంథాలయం పెద్దాయన గారు వచ్చారు. కొత్తగా కట్టిన చదువుల గది మారుమోగిపోతోందట. ఎవరైనా పేజీ తిప్పితే రెక్కలు కొట్టుకున్నట్టు, ఎవరైనా దగ్గితే నలుగురు దగ్గినట్టు ఉందట. గోడంతా కప్పేలా మందపాటి బొంత ఒకటి కావాలి, నిండా దిక్సూచి గడులే ఉండాలి అన్నారు. అంత పెద్ద పని మాకు అంతకు ముందెప్పుడూ రాలేదు. ఆయన వెళ్ళాక యజమాని గారు మమ్మల్నందరినీ నిలబెట్టి, "ఇది నిలబెట్టుకుంటే మన బొంతల విభాగం నిలబడుతుంది. చెడిందంటే ఇక అతుకుల పని కట్టేసి, అందరం దిండు గలీబులు కుట్టుకుందాం" అన్నారు.

దిండు గలీబు అంటే నాలుగు తిన్నటి కుట్లు. మొనా ఉండదు, వంపూ ఉండదు. ఆ మాట వినగానే అక్కయ్య ముఖం పాలిపోవడం నేను చూశాను. నా ముఖం ఎలా ఉందో నాకు తెలీదు. ఆవిడ చూసే ఉంటుంది. కానీ మాకు మాటల్లేవు కదా.

పని మొదలైంది. మొదటి రెండు మూడు గడులు తయారై బాబాయి బల్ల మీదికి వెళ్ళాయి. అక్కయ్య వంగి చూసి బాబాయితో, "మొన తెగుతోందని చెప్పండి ఆవిడకి" అంది. బాబాయి నా దగ్గరికొచ్చి, "మొన తగులుతోందట అమ్మా" అన్నారు.

(పెద్దగా నవ్వులు)

ఆగండి, ఇంకా ఉంది. నా సంతోషం మీకెలా చెప్పను? మా అక్కయ్య ఎవర్నీ మెచ్చుకోదు. మాటల్లేని రోజుల్లో, ఇంత కోపంలో, నా పని బాగుందని కబురంపింది! అయితే ఇలాగే కుట్టాలన్నమాట అని తర్వాతవన్నీ అచ్చం అలాగే, ఇంకాస్త శ్రద్ధగా అలాగే కుట్టాను. ఆవిడ చూసి పళ్ళు కొరుక్కుని "ఇంకా తెగుతోందని చెప్పండి" అంది. బాబాయి వచ్చి "ఇంకా తగులుతోందట" అన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంటికెళ్ళాక నా కోపం కరగడం మొదలైంది. అడక్కుండానే ఆవిడకి టీ పెట్టి పొయ్యి పక్కన ఉంచేదాన్ని. ఆవిడ బయట ఆరేసిన బట్టలు వాన రాగానే తీసి మడతలు పెట్టేదాన్ని. ఆవిడేమో వంటింట్లో మా బావగారితో, "చూశారా, అక్కడ నా మొనలన్నీ కోసిపారేస్తూ, ఇక్కడికొచ్చి టీలు ఇస్తోంది. ఎంత గుండె ధైర్యం!" అనేదట. నేనెంత ప్రేమగా ఉంటే ఆవిడ అంత మండిపడేది. టీ తాగకుండా చెట్టు మొదట్లో పోసేది. నేను, పంచదార తక్కువైందేమోనని మర్నాడు ఇంకో చెంచా వేసేదాన్ని.

పెద్దాయన గారు చూడటానికి వస్తున్నారని, ముందురోజు పొద్దున యజమాని గారు గడులన్నీ నేల మీద పరిపించారు. దూరం నుంచి చూస్తే గానీ తెలీలేదు. ఏ గడి చూసినా మొనలు మొండివి. దిక్సూచిలా లేదు, పళ్ళూడిన దువ్వెనలా ఉంది. యజమాని గారు నెమ్మదిగా "ఇదేమిటి?" అన్నారు.

అక్కయ్య ఆయన వైపే చూస్తూ, "తెగుతోంది తెగుతోందని కబురు మీద కబురు పంపాను సార్. వినాలి కదా" అంది.

నేనూ ఆయన వైపే చూస్తూ, "తగులుతోంది తగులుతోందని కబురు పంపింది వారే సార్" అన్నాను.

అప్పుడు ఇద్దరం ఒకేసారి ఇస్త్రీ బల్ల వైపు తిరిగాం. బాబాయి చేతిలో ఇస్త్రీపెట్టె అలాగే పట్టుకుని, "నేను విన్నది విన్నట్టే చెప్పానమ్మా" అన్నారు.

పాపం, ఆయన తప్పేముంది? ఇప్పటికైనా చెబుతున్నాను బాబాయీ, ఆ రోజు మీ మీద మాకు కోపం రాలేదు. మాకు నవ్వొచ్చింది. నవ్వితే మాట్లాడినట్టవుతుందని ఆపుకున్నాం.

కుట్టు వెనక మిగిలిన గుడ్డ కత్తిరించలేదు కాబట్టి బతికిపోయాం. కుట్లు విప్పి మళ్ళీ అతకొచ్చు. కానీ ఎలా అతకాలి? వంపు కుట్టేటప్పుడు లోపలికి వంగిన గుడ్డ నాకు పైన ఉంటుంది, ఆవిడ గుండ్రం దాని కింద ఉంటుంది. ఆవిడ మొనలు నాకసలు కనబడవు. నేను అంచు చూసుకుని కుడతాను, అంతకన్నా దారి లేదు. ఆవిడకి మొన ఎక్కడుందో తెలుసు గానీ వంపు మీద మిషను నడపడం రాదు. నేను నా మిషను ముందు కూర్చుని మొదటి గడి కుట్టు విప్పడం మొదలెట్టాను. ఆవిడ తన కుర్చీ జరిపి నా పక్కన వేసుకుంది. గడిని నా చేతిలోంచి తీసుకుని, ప్రతి మొన కొస దగ్గరా కింద నుంచి గుండుసూది గుచ్చి పైకి తేల్చింది. మిషను పాదం కింద పెట్టి, తన వేలు గుడ్డ కింద మొన మీద ఆనించి పెట్టుకుంది. నేను చక్రం తిప్పాను.

"ఆగు" అంది.

ఆ వానాకాలంలో ఆవిడ నాతో నేరుగా అన్న మొదటి మాట అది. ఆగాను. ఆవిడ గుండుసూది లాగేసి, "పద" అంది. కుట్టాను. "ఆగు." ఆగాను. "పద." అలా ఆ గడి అంతా చుట్టి వచ్చాం. దారం తెంపి, గడి పరిచి చూశాం. పదహారు మొనలూ వంపుని తాకి నిలబడ్డాయి. ఆవిడ ఇంకో గడి అందుకుంది.

మధ్యాహ్నానికి మాటలు కొంచెం పెరిగాయి. "ఆగమంటే ఆగాలి." "ఆగాను కదా." "నేనన్నాక ఆగావు." "మరి అనకముందు ఎలా ఆగుతారండీ?" "వేలు తియ్యండి, సూది దిగుతుంది." "నా వేలు సంగతి నేను చూసుకుంటాను." అలా నడుస్తుండగా ఏదో ఒక మొన దగ్గర నా మోచేతికి చోటు చాలక, "కొంచెం అటు జరుగు అక్కయ్యా" అన్నాను. అనేశాక తెలిసింది, 'జరగండి' అనలేదు. ఆవిడకీ తెలిసింది. జరిగింది.

మిగతావాళ్ళందరూ కుట్లు విప్పి ఇచ్చారు, మేమిద్దరం నాలుగు చేతులతో కుట్టాం. చివరి గడులు వచ్చేసరికి మేం పెద్ద గొంతులతో పోట్లాడుకుంటున్నాం. ఉప్పు టీ దగ్గర నుంచి మొదలుపెట్టి అన్నీ తవ్వుకున్నాం. మెకానిక్ మాస్టారు నూనె డబ్బా పట్టుకుని అటుగా వచ్చి, ఒక నిమిషం విని, "మిషను బాగానే నడుస్తోంది" అని వెళ్ళిపోయారు.

ఆ రోజు ఇంటికెళ్ళాక మా బావగారు వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏమైనా చెప్పాలా?" అని అడిగారు. "అక్కర్లేదు" అన్నాం, ఇద్దరం ఒకేసారి. ఆయన వెళ్ళి పేపరు తీసుకుని కూర్చున్న తీరు నేనెప్పటికీ మరిచిపోలేను. జైలు నుంచి వదిలిపెట్టినట్టు కూర్చున్నారు.

మర్నాడు పెద్దాయన గారు వచ్చారు. మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో మొన మీదా వేలు పెట్టి చూసి, "ఇంత బాగా కుట్టిన మిషను ఏదమ్మా?" అన్నారు. మెకానిక్ మాస్టారు మా ఇద్దర్నీ చూపించి, "అది మాట్లాడే మిషను సార్" అన్నారు. అవునా కాదా, పెద్దాయనగారూ? ఆ బొంత గోడకి ఎక్కించిన రోజు మమ్మల్ని కూడా రమ్మన్నారు. గది మధ్యలో నిలబడి మీరు గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టారు. అందరం చెవులు రిక్కించుకుని నిలబడ్డాం. చప్పుడు వెనక్కి రాలేదు. మా అక్కయ్య నా మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. తర్వాత చూసుకుంటే అక్కడ కమిలింది. అంత సంతోషమన్నమాట.

ఆ తర్వాత గలీబుల మాట ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు నుంచి దిక్సూచి గడులు మేం అలాగే, పక్కపక్కన కూర్చునే కుట్టాం.

కిందటేడు ఒకరోజు ఆవిడ దారం నా ముఖం ముందు పెట్టి, "ఇది నీలమా, నలుపా?" అని అడిగింది. నీలం అన్నాను. కొన్నాళ్ళకి, "ఈ మొన పక్కన ఇంకో మొన కనబడుతోంది, ఏది అసలుది?" అంది. డాక్టరు రెండుసార్లు అద్దాలు మార్చారు. యజమాని గారు మంచి మనసుతో, "మీరు కుట్టొద్దమ్మా, కూర్చుని అందరి పనీ చూడండి చాలు" అన్నారు. "చూడలేకే కదండీ మానేస్తున్నాను" అంది ఆవిడ. ఆయనకి నవ్వాలో వద్దో తెలీలేదు. ఆవిడ నవ్వింది కాబట్టి నవ్వారు.



ఇంట్లో మేమిద్దరం ఒకచోట చేరింది అన్నదమ్ముల్ని చేసుకున్నాం కాబట్టి. అందులో మా ఘనతేమీ లేదు. ఇక్కడ మాత్రం మా పక్కపక్క కుర్చీలు మేం వేసుకున్నవే. ఇంట్లో ఆవిడ పెద్దకోడలు, ఎప్పటికీ పెద్దకోడలే, రేపు కూడా డబ్బాలు ఎక్కడుండాలో ఆవిడే చెబుతుంది. కానీ గుడ్డ కింద వేలు పెట్టి నన్ను నమ్మి కూర్చున్న మనిషి ఇంట్లో ఉండదు. ఆ మనిషి ఈ గదిలోనే ఉండేది. యజమాని గారూ, మీరు వీడ్కోలు చెప్పమన్నప్పుడు నాకు నవ్వొచ్చిందన్నాను. ఇంటికెళ్ళాక అర్థమైంది ఎవరికి చెప్పాలో.

సరే. పద్ధతి ప్రకారం ఇప్పుడు ఆవిడ మాట్లాడాలి. మాట్లాడనంది. "నా తరఫున కూడా నువ్వే చెప్పెయ్, ఎలాగూ ఆపవు" అంది. ఏం చెప్పమంటావని నిన్న అడిగితే చెప్పింది. యజమాని గారికి ధన్యవాదాలట, కిటికీ పక్క ట్యూబులైటు మిణుకుమంటోంది, తను వెళ్ళాకైనా మార్పించమంది. మెకానిక్ మాస్టారికి ధన్యవాదాలట, తన మిషనుకి నూనె మరీ పొయ్యొద్దట, గుడ్డకి అంటుతోందట. ఇస్త్రీ బాబాయి ఇన్నేళ్ళూ తన మొనల్ని ఒక్కటి కూడా సాగదీయకుండా నొక్కారట, అలాంటి చెయ్యి ఇంకొకరికి లేదట. బాబాయీ, ఇది గట్టిగా చెబుతున్నాను. మీ చెయ్యి బంగారమంటోంది అక్కయ్య! ఆ, విన్నారు.

ఇంకొకటి మిగిలింది. మొనలు ఇక ఎవరు కుట్టాలని యజమాని గారు ఆవిడని నెల నుంచీ అడుగుతున్నారు. మా విభాగంలో నేర్చుకున్న అమ్మాయిలున్నారు, చేతులు మంచివి, కళ్ళు మంచివి. ఆవిడ తేల్చకుండా నెట్టుకొస్తోంది. నిన్న వంటింట్లో అన్నీ చెప్పించుకున్నాక, "మరి నాకేమీ చెప్పవా?" అన్నాను. గిన్నె తోముతూ, నా వైపు తిరక్కుండానే, "మొనలు కూడా నువ్వే కుట్టు, ఇంకెవరికీ ఇవ్వకు" అంది.

"నాకు రావు కదా అక్కయ్యా" అన్నాను.

"అప్పుడు లాగేదానివి. ఇన్నాళ్ళూ వంపులు కుట్టి లాగకుండా ఉండటం నేర్చుకున్నావు. ఇప్పుడొస్తాయి."

"రాకపోతే?"

"ఇంటికి పట్టుకురా, చూస్తాను."

"కనబడదు కదా నీకు."

"వేళ్ళున్నాయి కదా" అంది.

మా ఆయన పక్క గదిలోంచి, ఇంట్లో ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటని చూడ్డానికి వచ్చారు.

ఇంతసేపు ఓపిగ్గా విన్న పెద్దలకీ, నవ్వినవాళ్ళకీ, నవ్వకుండా కళ్ళు తుడుచుకున్నవాళ్ళకీ మా ఇద్దరి తరఫునా ధన్యవాదాలు. మొనలు నేను కుడతాను అక్కయ్యా. సెలవు.